కింబర్లీ గడ్డిలో నల్లపాదాల పిల్లి కోసం ఆరు రాత్రులు

నాన్న జోహానెస్‌బర్గ్‌లో మా ఇంటికి రావడం అదే మొదటిసారి. క్రూగర్ పార్కు చూపించు, కేప్‌టౌన్ చూపించు అని తెలిసినవాళ్ళంతా చెప్పారు. ఆయన మాత్రం సూట్‌కేసు విప్పకముందే చొక్కా జేబులోంచి పాత చిన్న పుస్తకం తీసి, "ఈడ నల్లపాదాల పిల్లి ఉంటాదంట కదమ్మా, యాడ?" అని అడిగారు.

ఆయన ఆత్మకూరు, నందికొట్కూరు ప్రాంతాల్లో అటవీశాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఆ పుస్తకంలో ఒక పేజీ తీసి చూపించారు. నీలి సిరా వెలిసిపోయి ఉంది. "బైర్లూటి దాటాక, రాత్రి 9. తుప్పుమచ్చల పిల్లి. రోడ్డు దాటింది." అంతే, ఒక్క వరుస. ఆ తరవాత పేజీ అంతా ఖాళీ. ప్రపంచంలో అన్నిటికంటే చిన్న అడవిపిల్లులు రెండే. ఒకటి మన దేశంలోనూ శ్రీలంకలోనూ ఉండే ఈ తుప్పుమచ్చల పిల్లి. రెండోది దక్షిణ ఆఫ్రికా ఎండు గడ్డిమైదానాల్లో ఉండే నల్లపాదాల పిల్లి. మొదటిదాన్ని నల్లమలలో జీపు దీపాల వెలుగులో రెండు క్షణాలు చూసిన మనిషి, రెండోది చూడాలని ఇన్నేళ్ళు ఆ పేజీని ఖాళీగా ఉంచుకున్నారని నాకు అప్పుడే తెలిసింది. మా ప్రయాణమంతా ఆ పేజీ కోసమే.

ఈ పిల్లి ఎంత ఉంటుందో ముందు చెప్పాలి. మగది సగటున 1.9 కిలోలు, ఆడది 1.3 కిలోలు. మనిళ్ళల్లో తిరిగే పిల్లి దీనికి రెండింతలు బరువు. ఒంటిమీద లేత గోధుమరంగు, దానిమీద నల్లటి మచ్చలు, కాళ్ళకి అడ్డపట్టీలు, పొట్టి తోక. పాదాల అడుగున వెంట్రుకలు నల్లగా ఉంటాయి కాబట్టి ఆ పేరు. దక్షిణాఫ్రికా, నమీబియా, బోట్స్వానాల్లోనే ప్రధానంగా ఉంటుంది. పెద్ద చెట్లున్న అడవి దానికి పనికిరాదు. పొట్టి గడ్డి, అక్కడక్కడా పొదలు, ఎలుకల కలుగులు, పుట్టలు ఉన్న నేల కావాలి. పగలంతా స్ప్రింగ్‌హేర్ అనే ఎలుక జాతి జంతువు వదిలేసిన బొరియలోనో, లోపల బోలుగా ఉన్న చెదపుట్టలోనో పడుకుంటుంది. అందుకే ఆఫ్రికాన్స్ భాషలో దీనికి 'పుట్టపులి' అనే అర్థం వచ్చే పేరు కూడా ఉంది. నాన్నకి ఆ పేరు చాలా నచ్చింది. ప్రయాణమంతా దాన్ని పుట్టపులి అనే అన్నారు.

ఎక్కడికెళ్ళాలన్నది ఎక్కువగా ఆలోచించాల్సిన విషయం కాలేదు. రెండేళ్ళ కిందట మేమిద్దరం, అంటే నేనూ మా ఆయనా, కలహారీలోని క్‌గలగాడీ పార్కుకి వెళ్ళాం. అక్కడి పిల్లి వేరు, ఆఫ్రికా అడవిపిల్లి. క్యాంపు చెట్ల కొమ్మల మీద పగటిపూటే నిద్రపోతూ కనిపించింది. ఆ అడవిపిల్లిని చూడాలంటే అదే చోటు. నల్లపాదాల పిల్లికి మాత్రం కింబర్లీ. కారణం ఉంది. ఊరికి దగ్గర్లో బెన్‌ఫాంటైన్ అనే పెద్ద ఫాం ఉంది, వజ్రాల కంపెనీ డి బీర్స్ వారిది. 1992 నుంచి జర్మన్ జంతుశాస్త్రవేత్త అలెగ్జాండర్ స్లీవా అక్కడ ఈ పిల్లుల మెడకు రేడియో కాలర్లు కట్టి, రాత్రంతా జీపులో వెంట తిరిగి వాటి బతుకును రాసిపెట్టారు. ఇవాళ ఈ పిల్లి గురించి లోకానికి తెలిసినదాంట్లో చాలాభాగం ఆ గడ్డిలోంచి వచ్చిందే. బెన్‌ఫాంటైన్ టిక్కెట్టు కొని తిరిగే చోటు కాదు. కానీ అదే నేల, అదే గడ్డి చుట్టుపక్కల ప్రైవేటు ఫాంలలోనూ ఉంది. వాటిలో మారిక్ పేరు రాత్రి జంతువుల కోసం వచ్చేవాళ్ళందరికీ తెలుసు.

జోహానెస్‌బర్గ్ నుంచి కింబర్లీ ఎన్12 రోడ్డు మీద 480 కిలోమీటర్ల దాకా ఉంటుంది. విమానం ఉంది, గంటన్నర లోపే. మేం కారులోనే వెళ్ళాం, ఎందుకంటే దిగాక ఎలాగూ కారు కావాలి. క్లెర్క్స్‌డార్ప్ దాటాక మొక్కజొన్న చేలు, బ్లూమ్‌హాఫ్ దాటాక ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడాన్ని చూసి నాన్న కారు ఆపమన్నారు. దిగి గడ్డిని వేళ్ళతో సవరించి చూశారు. "రోళ్ళపాడు మాదిరే ఉంది" అన్నారు. బట్టమేక పక్షి కోసం 1988లో సంరక్షణ కేంద్రంగా చేసిన రోళ్ళపాడులో ఆయన కొన్నేళ్ళు పనిచేశారు. గడ్డి ఉన్న నేలని అందరూ బీడు అనుకుంటారు, దున్నాలనుకుంటారు, అదే ఆ పక్షి కొంప ముంచిందని ఆయన బాధ. ఆ మాట అప్పుడు మళ్ళీ అనలేదు గానీ, కారెక్కాక చాలాసేపు మాట్లాడలేదు.

మేం వెళ్ళింది జూలైలో. ఇక్కడది చలికాలం. ఈ పిల్లి కోసం వచ్చేవాళ్ళు ఈ నెలల్లోనే రావాలని నా గట్టి అభిప్రాయం. గడ్డి ఎండి పొట్టిగా ఉంటుంది, రాత్రి పొడుగ్గా ఉంటుంది, మలేరియా భయం ఈ ప్రాంతంలో లేనేలేదు. చలి మాత్రం లెక్కలోకి తీసుకోవాలి. రాత్రిళ్ళు సున్నా కిందకి పోతుంది, తిరిగేది పైకప్పు లేని బండిలో.

మొదటి రెండు రాత్రులు కింబర్లీ ఊళ్ళోనే ఒక గెస్ట్‌హౌస్‌లో ఉన్నాం. పాత ఇల్లు, ఎత్తయిన పైకప్పులు, విద్యుత్ దుప్పట్లు, పొద్దున్నే గుడ్లు, టోస్టు. ఇంటావిడ నాన్న మాంసం తినరని తెలిసి రెండోరోజు పుట్టగొడుగులు వేయించి పెట్టింది. పగలు బిగ్ హోల్ చూశాం. 1871లో వజ్రాలు దొరికాయని గుట్టని తవ్వడం మొదలుపెట్టి, గుట్ట పోయి గొయ్యి అయ్యేదాకా, 1914 దాకా తవ్వారు. కంచెకి ఆనుకుని కిందకి చూస్తే ఆకుపచ్చ నీళ్ళు, ఎక్కడో అడుగున. కృష్ణ ఒడ్డు కొల్లూరు గనుల మీద గోల్కొండకి పేరొచ్చిన కాలం తరవాత వజ్రాల కథ ఇక్కడికి చేరింది. చూడదగ్గ చోటే, రెండు గంటలు చాలు. దానికన్నా ఊరి పక్కన కాంఫర్స్ డ్యామ్ దగ్గర గులాబీ రంగు ఫ్లెమింగోల గుంపులు నాకు ఎక్కువ గుర్తున్నాయి. రైలుకట్ట పక్కన నీళ్ళు, ఆ నీళ్ళనిండా అవే.

రాత్రి డ్రైవ్ సంగతికొస్తాను, అసలు పని అదే.

మొదటి రాత్రి ఫోనులో తేలిగ్గా దొరికిన ఒక ఫాంకి వెళ్ళాం. పేరు చెప్పను. ధర తక్కువ, బండి బాగుంది, దుప్పట్లు ఇచ్చారు. గైడ్ కుర్రాడు చురుగ్గా ఉన్నాడు, కానీ ఆ చురుకంతా వేగంలోనే. లైటు అటూ ఇటూ గిర్రున తిప్పుతూ, బండి ఆపకుండా నడిపాడు. గంటన్నర తరవాత గడ్డిలో రెండు కళ్ళు మెరిశాయి. "అదిగో నల్లపాదాల పిల్లి!" అని అరిచి, దారి వదిలి గడ్డిలోకి బండి తిప్పేశాడు. పిల్లి పరుగెత్తింది, ఇతను వెంటపడ్డాడు. పొదల్లో ఇరుక్కుని అది వెనక్కి తిరిగి చూసింది. నాన్న నా చెయ్యి నొక్కి, "అది కాదమ్మా. కాళ్ళు చూడు ఎంత పొడుగున్నాయో. తోక నేలకి ఆనుతాంది. చెవుల వెనక ఎర్రగా లేదూ? ఇది అడవిపిల్లి. తరమొద్దని చెప్పు ముందు" అన్నారు. చెప్పాను. ఆ కుర్రాడు నమ్మలేదు గానీ బండి ఆపాడు.

ఆయన చెప్పింది నిజం. ఈ రెండిటి మధ్య తేడా తెలుసుకుని వెళ్ళకపోతే చాలామంది అడవిపిల్లిని చూసి నల్లపాదాల పిల్లిని చూశామని ఇంటికి పోతారు. అడవిపిల్లి పొడవు కాళ్ళతో, పొడవు తోకతో, మనింటి పిల్లి ఒళ్ళు సాగినట్టుంటుంది, దాని చెవుల వెనక ఇటుక రంగు ఉంటుంది. నల్లపాదాల పిల్లి తోక ఒంటి పొడవులో సగం కూడా ఉండదు, చెవులు గుండ్రంగా, వెనక కూడా ఒంటి రంగే, తల ఒంటికి కాస్త పెద్దదనిపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, నేలకి బాగా దగ్గరగా నడుస్తుంది. ఆ రాత్రి మాకు దక్కింది అడవిపిల్లి. అదేం తక్కువది కాదు. కానీ తరిమిన తీరు నాకిప్పటికీ మింగుడుపడలేదు. మంచు పట్టిన రాత్రి ఒక జంతువు తన వేట వదిలి మా కోసం పరుగెత్తింది. అలాంటి చోట డబ్బు తక్కువని ఇంకొకరు వెళ్ళకూడదు.

తరవాతి రెండు రాత్రులు మొకాలా జాతీయ పార్కులో. కింబర్లీకి నైరుతిగా గంట ప్రయాణం. 2007లో ప్రకటించిన కొత్త పార్కు. 'మొకాలా' అంటే సెట్స్వానా భాషలో ఒంటెముళ్ళ తుమ్మ చెట్టు, పార్కంతా ఆ చెట్లే. ఉండటానికి రెండు ముఖ్యమైన చోట్లున్నాయి. దక్షిణాన మోసు లాడ్జిలో రెస్టారెంటు ఉంది. ఉత్తరాన రీట్ నది ఒడ్డున లిల్లీడేల్, గడ్డికప్పుల చాలెట్లు. మేం లిల్లీడేల్ తీసుకున్నాం. వంటగది ఉంది, గిన్నెలున్నాయి, నాన్న చేత్తో చింతపండు పులిహోర అయింది. మధ్యాహ్నం వరండాలో కూర్చుంటే కింద నది, అవతల ఒడ్డున జింకలు. కుటుంబంతో, పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళకి ఇంతకంటే సుఖమైన చోటు ఆ చుట్టుపక్కల నేను చూడలేదు. సింహాల్లేవు కాబట్టి భయం తక్కువ. తెల్ల, నల్ల ఖడ్గమృగాలు, సేబుల్, రోన్ జింకలు, అడవిదున్నలు పగలే కనిపిస్తాయి.

పిల్లి విషయంలో మాత్రం మొకాలా మా కోరిక తీర్చలేదు. పిల్లి అక్కడ లేదని కాదు, ఉంది. కానీ జాతీయ పార్కుల్లో చీకటి పడ్డాక సొంత బండిలో తిరగనివ్వరు. పార్కువాళ్ళ రాత్రి డ్రైవ్‌లో పెద్ద ట్రక్కెక్కాలి, దాంట్లో మాతోపాటు ఇంకో ఆరుగురున్నారు, వాళ్ళకి కావాల్సింది ఖడ్గమృగం. గైడ్‌ది తప్పులేదు, ఆవిడ ఓపిగ్గా అందరికీ అన్నీ చూపించింది. గబ్బిలం చెవుల నక్కలు మూడు, ఒక ముళ్ళపంది, లెక్కలేనన్ని స్ప్రింగ్‌హేర్లు చూశాం. కంగారూలా రెండు కాళ్ళ మీద గెంతే ఈ ఎలుక జాతి జంతువు కన్ను చీకట్లో పైకీ కిందకీ ఎగురుతుంటే, ఎవరో దీపం పట్టుకుని గెంతుతున్నట్టుంటుంది. నాన్న నవ్వు ఆపుకోలేకపోయారు. కానీ రెండు గంటల్లో వెనక్కి తెచ్చేశారు. రాత్రికి సగటున 8 కిలోమీటర్లు తిరిగే, మోకాలెత్తు కూడా లేని జంతువుని రెండు గంటల్లో చూడాలంటే అదృష్టం ఒక్కటే దిక్కు.

చివరి రెండు రాత్రులకి మళ్ళీ కింబర్లీ పక్కకే వచ్చాం. ఈసారి రాత్రి జంతువుల కోసమే పెట్టుకున్న ఒక ఫాం. ముందే రాసి, మాకు పిల్లి కోసం పూర్తి బండి కావాలని, ఎంతసేపైనా తిరుగుతామని చెప్పుకున్నాం. మాట్లాడుకున్నది మనిషికింత అని కాదు, బండికింత అని. మొత్తం ప్రయాణంలో ఖర్చు ఎక్కువైంది ఇక్కడే, సార్థకమైందీ ఇక్కడే. గది సాదాగా ఉంది. రెండు మంచాలు, ఒక హీటరు, గ్యాసు పొయ్యి. గోడలోంచి చలి వస్తుంది. మెత్తని పరుపులు, వేడి నీళ్ళ తొట్టి కావాలనుకునేవాళ్ళకి ఇది నచ్చదు.

గైడ్ అరవై దగ్గరపడిన మనిషి, ఆ ఊరివాడే. బండెక్కే ముందు మూడు మాటలు చెప్పాడు. లైటుకి ఎర్ర అద్దం పెడతాను. పిల్లి కనిపిస్తే దారి దిగను. అది వేటలో ఉంటే పది నిమిషాలే చూసి లైటు తీసేస్తాను. మూడోదానికి కారణం అడిగాను. వెలుగులో దాని ఉనికి నక్కకీ, గుడ్లగూబకీ కూడా తెలుస్తుందన్నాడు. ఎంత గొప్ప వేటగత్తె అయినా అది కిలోన్నర ప్రాణం. నల్లవీపు నక్క, కారకల్ అనే పెద్ద పిల్లి జాతి జంతువు, పెద్ద గుడ్లగూబ, దాన్ని పట్టే జంతువులు చాలానే ఉన్నాయి. ఈ మాట విన్నాక నాన్న ఆయన పక్క సీటుకి మారారు. ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రమే, అయినా రాత్రంతా వాళ్ళ మధ్య మాట తెగలేదు.

అక్కడ మొదటి రాత్రి ఆరు గంటల దాకా తిరిగాం. సూర్యుడు దిగకముందే ఆర్డ్‌వుల్ఫ్ అనే చిన్న హైనా జాతి జంతువు బయటికొచ్చింది, చెదపురుగుల్ని నాకుతూ. చలికాలం కాబట్టి త్వరగా వస్తుందట. ఒక ఆర్డ్‌వార్క్ పంది ముట్టెతో, గాడిద చెవులతో బండి ముందే పుట్ట తవ్వింది. మనుషులు దీన్ని చూడ్డానికే సగం ప్రపంచం దాటొస్తారు. మా ఆయన దాని ఫోటోలు తీస్తుంటే నాన్న గడ్డివైపే చూస్తున్నారు. పదకొండింటికి దూరంగా రెండు చిన్న కళ్ళు, నేలకి జానెడెత్తున. గైడ్ బండి ఆపాడు. కళ్ళు ఆరిపోయాయి. అరగంట చూశాం, మళ్ళీ వెలగలేదు. "అదే" అన్నాడు గైడ్. "నేలకి అంత దగ్గరగా, అంత నిదానంగా నడిచేది అదే." గదికొచ్చాక నాన్న ఆ పేజీ తెరవలేదు. కళ్ళు మాత్రమే చూస్తే చూసినట్టు కాదన్నారు.

రెండో రాత్రి, చివరి రాత్రి. బండి అద్దం మీద మంచు. నాన్న మంకీ క్యాప్ మీద శాలువా, దానిమీద ఫాంవాళ్ళ కంబళి, ఒళ్ళో వేడినీళ్ళ రబ్బరు సంచి. తొమ్మిదయింది, పదయింది. ఈ పిల్లి వేటాడే పద్ధతులు మూడని గైడ్ చెబుతూ వచ్చాడు. ఒకటి, గడ్డిలో గెంతుతూ వేగంగా పోయి, ఉలిక్కిపడి లేచిన పక్షినో ఎలుకనో పట్టడం. రెండోది, పాములా మెలికలు తిరుగుతూ పొద పొదకీ, కలుగు కలుగుకీ మెల్లగా వాసన చూస్తూ పోవడం. మూడోది, ఎలుక కలుగు దగ్గర కదలకుండా కూర్చోవడం. కొన్నిసార్లు రెండు గంటలదాకా కూర్చుంటుందట. ఇలా ఒక రాత్రిలో 10 నుంచి 14 ప్రాణుల్ని పడుతుంది, అంటే ఇంచుమించు 50 నిమిషాలకొకటి. పట్టబోయినవాటిలో 60 శాతం దాకా దొరుకుతాయి. సింహానికి ఇందులో సగం కూడా దక్కదు. "ఎందుకంత?" అన్నారు నాన్న. గైడ్ చెయ్యి చూపించాడు, అరచేతిలో ఏదో పట్టినట్టు. చిన్న ఒళ్ళు వేడి నిలుపుకోదు, రోజూ తన బరువులో ఆరో వంతు దాకా మాంసం తినాలి, ఆగితే బతకదు. నీళ్ళు దొరక్కపోయినా ఎలుకల ఒంట్లో తడితోనే నెట్టుకొస్తుంది.

పదకొండున్నర దాటాక, దారికి పాతికడుగుల దూరంలో గడ్డిపొద పక్కన ఒక చిన్న ముద్ద ఉంది. రాయి అనుకున్నాను. ఎర్ర వెలుగు దానిమీద ఆగింది. రాయికి చెవులున్నాయి.

గైడ్ ఇంజను ఆపేశాడు. నేను ఊపిరి బిగబట్టాను. పిల్లి మమ్మల్ని ఒకసారి చూసి తల తిప్పుకుంది. దాని ముందు అరచేతంత మట్టి, మధ్యలో కలుగు. ముందు కాళ్ళు రెండూ దగ్గరగా పెట్టుకుని, తోక ఒంటికి చుట్టుకుని కూర్చుంది. కళ్ళు సగం మూసుకున్నట్టున్నాయి. నిద్రపోతోందేమో అనుకున్నాను. "చెవులు చూడు" అన్నారు నాన్న, గుసగుసగా. ఒళ్ళంతా బొమ్మలా ఉంది, చెవులు రెండూ మాత్రం విడివిడిగా తిరుగుతున్నాయి. ఒకటి కలుగు వైపు, ఒకటి వెనక గడ్డివైపు. మధ్యలో ఒకసారి రెండూ ఒక్కసారే కలుగు వైపు తిరిగి నిలిచిపోయాయి. అప్పుడు కూడా కళ్ళు తెరవలేదు.

పది నిమిషాలయింది. గైడ్ చెప్పినట్టే లైటు తీసేశాడు. చీకటి. చుక్కలు నెత్తిమీదకి దిగినట్టున్నాయి. దూరంగా నక్క కూత. మేమెవరం మాట్లాడలేదు. పావుగంట తరవాత గడ్డిలో చిన్న చప్పుడు, ఎండు ఆకు నలిగినంత. గైడ్ మెల్లగా ఎర్ర లైటు వేశాడు. పిల్లి నోట్లో జెర్బిల్ అనే ఎలుక, తోక వేలాడుతోంది. అక్కడే కూర్చుని తల నుంచి మొదలుపెట్టి తింది. ఎముకలు పటపటమనడం మాకు వినిపించింది. మూడు నిమిషాల్లో అయిపోయింది. ఆ తరవాత వెనక కాలు పైకెత్తి నాక్కుంది. అప్పుడు కనిపించింది, పాదం అడుగున నలుపు, మసిబట్టతో తుడిచినట్టు. మూతి తుడుచుకుని లేచింది, గడ్డిలో రెండు మెలికలు తిరిగింది, అంతే. ఇంకో కలుగు కోసం.

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చలికి నీళ్ళొచ్చాయన్నారు. గైడ్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

తిరిగొస్తుంటే గైడ్ ఇంకొన్ని చెప్పాడు, వినడానికి అంత సుఖంగా లేనివి. ఈ జాతిలో పెద్దవి 10,000 కూడా లేవని లెక్క. 2002 నుంచి అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. దాన్ని నేరుగా చంపాలనుకునేవాళ్ళు తక్కువ. గొర్రెల కోసం నక్కలకి విషం పెడితే ఇది తిని చస్తుంది. ఫాం కుక్కలు పడతాయి. రోడ్ల మీద బండ్ల కింద పడుతుంది. స్ప్రింగ్‌హేర్లని వేటాడితే వాటి బొరియలు కరవై దీనికి పడుకునే చోటుండదు. గొర్రెలు ఎక్కువ మేపితే గడ్డి పోయి ఎలుకలు పోతాయి. మూత్రపిండాలని పాడుచేసే ఒక జబ్బు కూడా ఈ జాతిని పట్టి పీడిస్తోంది. ఒక ఈతకి ఒకటో రెండో పిల్లలు, కాబట్టి పోయిన వాటి చోటు నిండటం నిదానం. నాన్న అన్నీ విని, "గడ్డే కదా" అన్నారు. "గడ్డి ఉంటే అన్నీ ఉంటాయి." రోళ్ళపాడులో ఆయన రోజూ చెప్పిన మాటే ఇది, వినేవాళ్ళు దొరకలేదు. ఇక్కడ గైడ్ తలూపాడు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి నా మాట ఇది. హడావుడిగా ఒక రాత్రికి రాకండి, తక్కువలో తక్కువ మూడు రాత్రులు రాత్రి జంతువుల ఫాంలోనే ఉండండి. మొకాలాని పగటి విశ్రాంతి కోసం కలుపుకోండి, పిల్లి కోసం కాదు. గైడ్‌ని ముందే రెండు ప్రశ్నలు అడగండి: ఎర్ర అద్దం వాడతారా, జంతువు కనిపిస్తే దారి దిగుతారా? రెండో ప్రశ్నకి 'దిగుతాం, దగ్గరగా చూపిస్తాం' అని గొప్పగా చెబితే ఇంకో చోటు చూసుకోండి. దుర్భిణి తెచ్చుకోండి, కెమెరా కంటే అదే పనికొస్తుంది. చేతి తొడుగులు రెండు జతలు పెట్టుకోండి. శాకాహారులైతే వంటగది ఉన్న గది తీసుకుని బియ్యం, పప్పు జోహానెస్‌బర్గ్‌లోనే కొనుక్కోండి. చిన్నపిల్లల్ని ఆ చలిలో అయిదు గంటలు కూర్చోబెట్టకండి, మొకాలా డ్రైవ్ వాళ్ళకి చాలు.

గదికొచ్చేసరికి ఒంటిగంట. హీటరు ముందు కూర్చుని కాళ్ళు కాచుకుంటూ నాన్న జేబు పుస్తకం తీశారు. వేళ్ళు కొంకర్లు పోయి పెన్ను నిలవలేదు. కాసేపాగి, బైర్లూటి వరుస కింద రెండో వరుస రాశారు. "కింబర్లీ, రాత్రి 11.40. పుట్టపులి. కలుగు దగ్గర 25 నిమిషాలు. దొరికింది." చదివి, 'దొరికింది' ముందు 'ఎలుక' అని చేర్చారు.